వీపు కింద చెయ్యి

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరికి వాళ్ళు నా కాన్పుకి చోటు చూసిపెట్టారు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అంటారే, సరిగ్గా అలాగే. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ ఆస్పత్రికి వెళ్ళినా నన్ను కింద కుర్చీలో కూలేసి, తను లిఫ్టులో పైకీ కిందకీ తిరిగొచ్చేవాడు. మా అత్తయ్యకి మా ఇంటి కింద వాటాలో ఆల్టరేషన్ల షాపుంది. పొడుగైనవి తగ్గించడం, బిగుతైనవి వదులు చెయ్యడం ఆవిడ పని. డాక్టరు మొహం చూడకముందే మంచం మీద దుప్పటి అంచు తిరగేసి కుట్టు చూసేది. నేనేమన్నా తక్కువ తిన్నానా? నేను స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్పుతాను. నీళ్ళు కనబడితే నాకు ఒళ్ళు తెలీదు. ఆ సంగతి ముందుముందు మీకే తెలుస్తుంది.

నాకప్పుడు ఏడో నెల. ఎండలు ముదిరాయి, పూల్లో వేసవి బ్యాచ్‌లు నిండిపోయాయి. నేను నీళ్ళలోకి దిగితే పిల్లలంతా నా చుట్టూ మూగి, "మేడమ్ కడుపులో కూడా ఒకళ్ళు ఈత కొడుతున్నారు" అని ఒకటే నవ్వులు. నాకూ నవ్వొచ్చేది. అసలు ఆ రోజుల్లో నాకు దేనికైనా నవ్వొచ్చేది. లోపల కాలు తన్నినప్పుడల్లా విజిల్ ఊదాలనిపించేది.

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. నొప్పులు వాటంతటవే రావాలి. నేను లేచి తిరగాలి. తోచినట్టు కూర్చోవాలి, వంగోవాలి, అరవాలి. అవసరం పడితే సూదైనా కోతైనా సరే, కాదనను. అవసరం లేకుండా మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఒకరోజు భోజనాల దగ్గర ఈ మాటే అన్నాను.

"కత్తెర పెట్టకుండా ప్రపంచంలో ఏదీ కుదురుగా రాదమ్మాయ్" అంది అత్తయ్య. "అంత పెద్ద కంపెనీ చొక్కా కూడా చివరికి నా దగ్గరికి రావలసిందే."

"నేను చొక్కాని కాదత్తయ్యా."

"తెలుసు. చొక్కా అయితే ఇంత మాట్లాడదు."

మా ఆయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా కూర్చున్నవాడికి అంతకన్నా దారి లేదు పాపం.

ముందు అత్తయ్య చూసిన పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. అద్దాల మేడ. గచ్చు మీద మొహం చూసుకోవచ్చు. అత్తయ్య గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే దుప్పటి అంచు మడతేసి చూసి, "రెండు వరసల కుట్టు. ఇలాంటి వాళ్ళు దేంట్లోనూ అశ్రద్ధ చెయ్యరు" అని తేల్చేసింది. మా ఆయన లిఫ్టులోంచి దిగొచ్చి, "కుదుపే లేదు, పెన్సిల్ నిలబెడితే ఐదంతస్తులూ పడలేదు" అన్నాడు, కళ్ళు మెరుస్తూ. ఆ చూపు నా మీద పెళ్ళిచూపులప్పుడు కూడా పడలేదు.

డాక్టరు మంచావిడే. అలిసిపోయి ఉన్నా కూర్చోబెట్టి మాట్లాడింది.

"నొప్పులొచ్చాక లేచి తిరగొచ్చాండీ?" అనడిగాను.

"తిరిగితే బిడ్డ గుండె చూసే వైర్లు ఊడతాయమ్మా."

"వైర్లు అక్కర్లేకపోతే?"

"మా దగ్గర అందరికీ పెడతాం. రోజూ ఇంతమంది వస్తారు, ఒక్కొక్కళ్ళ తీరు చూసుకుంటూ కూర్చోవడం మాకు కుదరదు. అందరికీ ఒకటే పద్ధతి. తేదీకి రాకపోతే సెలైన్లో మందెక్కించి నొప్పులు తెప్పిస్తాం. మావాళ్ళు బాగా చూసుకుంటారు, భయం పెట్టుకోకు."

ఉన్నమాట ఉన్నట్టు చెప్పినందుకు ఆవిడంటే గౌరవం కలిగింది. కానీ ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. అన్నీ చక్కగా జరుగుతాయి, బిడ్డా చక్కగా ఉంటుంది, కానీ నా కాన్పు నేను లేకుండానే అయిపోతుంది. అదీ నా బెంగ.

ఎందుకలా అనిపించిందో చెప్పాలంటే నా పని చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు వెల్లకిలా తేలడం నేర్పుతాం. వీపు కింద చెయ్యి పెట్టి పడుకోమంటాం. ఎంత పెద్దవాళ్ళైనా అడిగేది ఒకటే ప్రశ్న, "చెయ్యి ఉందా?" అని. ఉంది అంటాం. ఉంటుంది కూడా. కానీ మెల్లమెల్లగా దాన్ని వీపుకి తగలకుండా కిందకి దించేస్తాం. పట్టుకునే ఉంటే వాళ్ళు ఎన్నటికీ తేలరు. వదిలేసి గట్టెక్కి కూర్చుంటే మునుగుతారు. ఆ రెంటికీ మధ్యనే నా ఉద్యోగమంతా ఉంది.

ఇక నేను చూసిన చోటు. ఊరి చివర కాన్పులు చేసే ఒక ఇల్లు. చుట్టూ పూలమొక్కలు, లోపల తెల్ల పరదాలు. గది మధ్యలో నీళ్ళ తొట్టి, కాన్పు అందులోనే. అబ్బ, ఏం తొట్టి అది! నేను కాళ్ళు బార్లా చాపుకోవచ్చు, బోర్లా తిరగొచ్చు. గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి ముంచానో లేదో నా బిడ్డ అక్కడే పుట్టేసినట్టు సంబరపడిపోయాను. మా ఆయన ఇల్లంతా తిరిగి, లిఫ్టు లేకపోయేసరికి ఏం చూడాలో తోచక కిటికీ గడియలు వేసి తీశాడు.

అక్కడ అన్నీ చూసుకునే ఆవిడ పాలమీగడలాగా మాట్లాడుతుంది. ఎప్పుడైనా చిక్కొస్తే ఏం చేస్తారని అత్తయ్య అడిగింది.

"చిక్కు అనే మాట ఈ కప్పు కింద అనం అమ్మా. మంచి తలుచుకుంటే మంచే జరుగుతుంది."

"ఆస్పత్రి ఎంత దూరం?"

"మాకు ఇంతవరకు ఆ దారి చూడాల్సిన పని పడలేదు."

ఆ మాట నా చెవినా పడింది. పడ్డా తొట్టిలో మునిగిపోయింది. నేను ఆ రోజే పేరు రాయించేసుకున్నాను. అత్తయ్య వీధిలోకొచ్చి కారెక్కింది, ఇంటి ముందు దిగింది, మధ్యలో పెదవి విప్పలేదు. తర్వాత వారమంతా కింద షాపులో మిషను చప్పుడు తప్ప ఆవిడ గొంతు వినబడలేదు. నేనూ తక్కువదాన్ని కాదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మా ఆయన మాత్రం పైకీ కిందకీ తిరుగుతూ ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి చేరవేశాడు. అలవాటున్న పనే కదా.

ఒకరోజు పొద్దున్న పెద్దవాళ్ళ బ్యాచ్ అయిపోయింది. పూల్ ఖాళీగా ఉంది. నేను తుడుచుకుంటుంటే మెట్ల దగ్గర అత్తయ్య నిలబడుంది. తనే కుట్టుకున్న ఈత బట్టలు, మోచేతుల్నించి మోకాళ్ళ దాకా.

"ఏంటత్తయ్యా, మీరా?"

"నువ్వు రోజంతా ఈ నీళ్ళ గురించే చెప్తావు కదా. ఏముందో చూద్దామని. నవ్వావంటే వెళ్ళిపోతాను."

నవ్వలేదు. చెయ్యందుకుని మెల్లగా లోపలికి దింపాను. ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. ఎన్ని చొక్కాల చేతులు తెగ్గోసిన చేతులో, నన్ను వదలట్లేదు. వెల్లకిలా పడుకోమని వీపు కింద చెయ్యి పెట్టాను. ఒళ్ళు చెక్కలా బిగుసుకుంది.

"చెయ్యి ఉందా?"

"ఉందత్తయ్యా. పైకప్పు చూడండి. గాలి పీల్చుకోండి."

కాసేపటికి మెడ వదులైంది. పైకప్పు వంకే చూస్తూ, నాతో కాదన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టింది.

"వాడికంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టింది, అమ్మాయ్. ఇంట్లోనే. అందరూ అన్నీ మంచే జరుగుతాయన్నారు. రోజున్నర నొప్పులు పడ్డాను. ఏదో తేడాగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది, చెప్తే ఎవరూ వినలేదు. డాక్టరు కోసం మనిషిని పంపేసరికి ఆలస్యమైపోయింది. ఏడవలేదు ఆ పిల్ల. బోలెడు జుట్టు. వాడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు."

నా కళ్ళల్లోంచి కారేవి పూల్లో కలిసిపోయాయి.

"నీ ఇష్టానికి అడ్డం పడాలని కాదు" అంది. "నువ్వు చూపించిన ఆ ఇంట్లో నాకు ఊపిరాడలేదు, అంతే. చెయ్యి ఉందా?"

"ఉంది" అన్నాను. నా చెయ్యి ఆవిడ వీపుకి జానెడు కింద ఉంది. ఆవిడ తేలుతోంది.

ఆ పూట గట్టు మీద కూర్చుంటే నా బుర్ర వెలిగింది. మా పూల్లో ఎంత బాగా ఈదేవాళ్ళొచ్చినా సరే, గట్టు మీద కాపలా మనిషి లేకపోతే గేటు తాళం తియ్యను. ఒకసారి పై ఆఫీసు వాళ్ళు ‘ఒక్కరోజుకి ఏమవుతుంది’ అంటే వాళ్ళతో గొడవేసుకున్నదాన్ని. అలాంటిదాన్ని, ఆస్పత్రికి దారి తెలీని ఇంట్లో పేరు రాయించుకున్నాను. ఎందుకయ్యా అంటే, తొట్టి బాగుంది. నన్ను నేను నాలుగు తిట్టుకుని ఫోన్ చేసి పేరు కొట్టించేశాను. తొట్టి గుర్తొచ్చి కొంచెం ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

అయితే పెద్ద ఆస్పత్రికి వెళ్ళడానికీ మనసొప్పలేదు. ఎనిమిదో నెల నిండుతోంది, నేను మాత్రం ఎటూ కాకుండా మిగిలాను. దారి చూపించింది ఎవరనుకున్నారు? అత్తయ్యే. ఒక సాయంత్రం కింద నించి కేకేసింది.

"అమ్మాయ్, ఒకావిడ యూనిఫాం చేతులు పొట్టి చెయ్యమని ఇచ్చి వెళ్ళింది. కొత్త బట్ట, చేతులు సరిగ్గానే ఉన్నాయి కదమ్మా అంటే, మోచెయ్యి దాకా కడుక్కుంటూ ఉండాలి అంది. కాన్పులు చేస్తుందట. మిడ్‌వైఫట. అంటే మంత్రసానే కదా?"

"అంతే. చదువుకున్న మంత్రసాని."

"ఏం చేస్తావమ్మా అని అడిగాను. సగం సేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను అంది. దానికి జీతం కూడా ఇస్తారా అన్నాను. అలా కూర్చోవడానికే ఇస్తారు అంది." అత్తయ్య దారం కొరికి నా వంక చూసింది. "నీలాంటిదే ఒకటి దొరికింది. రేపు వెళ్ళి చూసొద్దాం, నేనూ వస్తాను."

అదొక చిన్న ఆస్పత్రి, మూడంతస్తులు. రెండో అంతస్తులో మిడ్‌వైఫ్‌లు చూసుకునే కాన్పుల గది, పైన మూడో అంతస్తులో డాక్టర్లూ, ఆపరేషన్ థియేటరూ. తొట్టి లేదు, వేణ్ణీళ్ళ షవరుంది. దుప్పటి అంచులు ఊడి వేలాడుతున్నాయి. లిఫ్టు మూలుగుతూ ఎక్కింది. మా ఆయన చెవి తలుపుకి ఆనించి, బాగా జబ్బుచేసిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు. మా ముగ్గురి పరీక్షలోనూ ఆ చోటు తప్పిందన్నమాటే.

యూనిఫాం ఇచ్చిన ఆవిడని చూశాం. నడివయసు మనిషి, ఏ పనీ హడావిడిగా చెయ్యదు. నేను ఆ క్షణమే ‘నిదానం గారు’ అని పేరు పెట్టేశాను. నాకు కావలసినవన్నీ గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెట్టాను. మొత్తం విని, "ఏం కావాలో చెప్పావు. ఏం భయమో కూడా చెప్పు" అన్నారు.

అలా ఎవరూ అడగలేదు నన్ను. చెప్పాను. తర్వాత ఆవిడ అత్తయ్య వైపు తిరిగి, "మీకేం భయమండీ?" అన్నారు. అత్తయ్య కొంగు సర్దుకుని, "చిక్కొస్తే ఏం చేస్తారు?" అంది.

"బిడ్డ గుండె మధ్యమధ్యలో వింటూనే ఉంటాను. నాకు నచ్చకపోతే పైకి తీసుకెళ్తాను. మొదటి కాన్పులవాళ్ళని కొంతమందిని పంపుతూనే ఉంటాం. ఈ అమ్మాయినీ పంపాల్సి రావచ్చు. అప్పుడు నా మీద అలగకూడదు, అది ముందే ఒప్పుకోవాలి."

"ఏదో తేడాగా ఉందని మనిషి తనే చెప్తే?"

"చెప్పిన మాట వింటాను. ముందు అదే వింటాను."

అత్తయ్య చాలాసేపు ఆవిడ చేతుల వంక చూసింది. తర్వాత, "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు" అంది.

"పట్టాలిగా మరి" అని నిదానం గారు పకపకా నవ్వారు. నా కడుపులో ఒక తన్ను పడింది. అంతే, చోటు కుదిరిపోయింది. మెట్లు దిగుతూ ఇద్దరం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం ఎప్పుడు పట్టుకున్నామో కూడా తెలీదు.

తర్వాత రోజులు పండగలా గడిచాయి. అత్తయ్య ఆ గది దుప్పట్లన్నీ అడిగి తెప్పించుకుని రెండు వరసల కుట్టు వేసిచ్చింది. మా ఆయన బాధ మాత్రం చెప్పనలవి కాదు. ఆ లిఫ్టు వేరే కంపెనీది. వాళ్ళ లిఫ్టు మీద వీళ్ళు చెయ్యి వెయ్యకూడదని వాళ్ళ పనిలో కట్టుబాటు. రోజూ ఆస్పత్రికి ఫోన్ చేసి, "మీవాళ్ళని పిలిపించండి, తలుపు గొళ్ళెం అరిగింది" అని చెప్పడం, వాళ్ళు అలాగే అనడం. "చూసి ఊరుకోవాలంటే చేతులు దురద పుడుతున్నాయి" అనేవాడు. "ఊరుకో నాన్నా, నేను ఊరుకోవట్లేదూ" అనేది వాళ్ళమ్మ.

అనుకున్న తేదీ వచ్చింది, వెళ్ళిపోయింది. వీధిలో ప్రతివాళ్ళూ అడగడమే. అత్తయ్య షాపు గుమ్మంలో నిలబడి, "కడుపుతో ఉన్నమ్మ కనక మానదు, వండినమ్మ తినక మానదు. వెళ్ళి మీ పని చూసుకోండి" అని అందర్నీ పంపేసేది. లోపలికొచ్చాక మాత్రం, "లోపల కదులుతోందా? డాక్టరు నిన్న చూసి బాగుందనేగా అన్నది?" అని నన్ను గంటకోసారి అడిగేది.

వేసవి బ్యాచ్‌ల ఆఖరి రోజు. పిల్లలు గట్టు వెంట వరసగా నిలబడ్డారు, అందరూ ఒకేసారి దూకాలి, నేను విజిల్ ఊదాలి. నోట్లో పెట్టుకున్నాను, నడుంలోంచి పొట్టలోకి ఒక పట్టు. విజిల్ ఊదడానికి ఊపిరి లేదు. పిల్లలు చూస్తున్నారు, నేను వంగిపోయి నవ్వుతున్నాను. అది తగ్గాక ఎంత గట్టిగా ఊదానంటే, అవతల వీధిలో కుక్కలు మొరిగాయి.

ఆస్పత్రికి చేరేసరికి నొప్పులు ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తున్నాయి. మా ఆయన మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి కారు పెట్టడానికి వెళ్ళాడు. నేను మెట్లెక్కుతానన్నాను. నొప్పొచ్చినప్పుడు రెయిలింగు పట్టుకుని ఊగడం, తగ్గగానే నాలుగు మెట్లు. నా వెనకే అత్తయ్య, రెండు చేతులూ చాచి, నన్ను ముట్టుకోకుండా.

గదిలో మొదటి మాటగా నిదానం గారు, "వచ్చేశావా, బాగుంది" అన్నారు, టీకి వచ్చినదాన్ని పలకరించినట్టు. గుండె విన్నారు, బాగుందన్నారు, కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో.

ఇంతలో అత్తయ్య ఫోన్ మోగింది. మా ఆయన గొంతు నాకు కూడా వినబడింది. "అమ్మా, బ్యాగు బరువుగా ఉందని లిఫ్టెక్కాను. మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. గొళ్ళెమే. నేను చెప్తూనే ఉన్నాను."

"బాగుచేసుకోలేవూ?"

"లోపల్నించి ఎలా కుదురుతుంది? వాళ్ళ మనిషి బయల్దేరాడట."

"అయితే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో" అని ఫోన్ పెట్టేసింది. నొప్పిలో ఉండి కూడా నేను పగలబడి నవ్వాను. నిదానం గారు, "నవ్వు మంచిదే, నవ్వు" అన్నారు.

ఆ తర్వాత నవ్వు లేదు. షవరు కింద నిలబడ్డాను, మంచం పట్టుకుని వేలాడాను, మోకాళ్ళ మీద కూలబడ్డాను. చివరికి మంచానికి తల ఆనించుకుని అలాగే ఉండిపోయాను. నా వీపు మీద అత్తయ్య అరచెయ్యి. మధ్యలో ఒకసారి, ఇక నావల్ల కాదు, పైకి తీసుకెళ్ళండి, ఏదైనా చెయ్యండి అని అరిచాను. నిదానం గారు వచ్చి గుండె విన్నారు.

"బిడ్డ హాయిగా ఉంది. నీకు ఏదైనా తేడాగా అనిపిస్తోందా, లేక కష్టంగా అనిపిస్తోందా?"

ఆలోచించాను. ఆ స్థితిలో ఆలోచించడానికి ఎంత కష్టపడ్డానో చెప్పలేను. "కష్టంగా" అన్నాను.

"తేడా అయితే చెప్పు. ఇప్పుడే వెళ్దాం."

అత్తయ్య ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, నేను లేచి పైకి పరిగెత్తేదాన్ని. అనలేదు.

తర్వాత అలలాగా ఒకటొచ్చింది. నేను తెచ్చుకున్నది కాదు. నా ఒళ్ళు తనంతట తనే తోస్తోంది, నన్ను అడగట్లేదు. భయమేసింది, అంతకు మించి సంతోషమేసింది. కళ్ళు మూసుకుని అరిచాను.

"అత్తయ్యా, చెయ్యి ఉందా?"

"ఉంది" అంది ఆవిడ. స్థిరంగా, నేను పూల్లో చెప్పినట్టే.

ఇంకో అల. ఇంకోటి. మంట, బరువు, ఒక్కసారిగా జారిపోయిన తేలిక. గదంతా నిండిపోయిన ఏడుపు. నిదానం గారి చేతుల్లోంచి, వేడివేడిగా, తడితడిగా, బోలెడు జుట్టుతో ఒక ఆడపిల్ల నా గుండెల మీదకొచ్చింది.

కాసేపటికి నన్ను మంచం మీదకి చేర్చాక తల తిప్పి చూస్తే అత్తయ్య నా పక్కన లేదు. గోడ వారన కుర్చీలో ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని, బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ. ఎప్పుడు వెళ్ళి కూర్చుందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

అప్పుడే తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు, జుట్టంతా రేగి, చేతిలో బ్యాగుతో. "వాళ్ళ మనిషి ఇప్పుడే..." అని మొదలుపెట్టి, మమ్మల్ని చూసి బ్యాగు వదిలేశాడు. వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని దాని పాదం ఒక్క వేలితో ముట్టుకున్నాడు. ఏడుస్తున్నాడని తనకి తెలీదు.

"బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగింది" అన్నారు నిదానం గారు. ట్రేలోంచి కత్తెర తీసి, అందరి వంకా చూసి, తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళారు. "ఈ పని మీదేనండీ. మీకంటే బాగా ఎవరు కోస్తారు?"

అత్తయ్య చేతులు బయటికి తీసింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కత్తెర అందుకుంది, లేచి వచ్చి నా పక్కన నిలబడింది. నన్ను చూసింది, పిల్లని చూసింది, మమ్మల్నిద్దర్నీ కలిపి ఉన్న ఆ తాడుని చూసింది. ఇంటికొచ్చిన ఏ బట్టనీ ఒక్క నిమిషం ఉండనివ్వని మనిషి, కత్తెర దించి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది.

"ఇంకాసేపు ఉండనివ్వండి" అంది. "తొందరేముంది."